వెన్న మరక లేని కార్డు

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై.

గల్సన్ విమానాశ్రయం వెనక గది తలుపు తోసేసరికి దుల్మా కుర్చీలో కొయ్యలా కూర్చుని ఉంది. కుడి చేతికి బేడీ వేశారు. దాని రెండో కొస గోడ వెంట పోయే వేడినీళ్ల గొట్టానికి ఉంది. గొట్టం కాలిపోతోంది. చెయ్యి దానికి తగలకుండా ఆవిడ గాలిలో ఎత్తి పట్టుకుంది. ఎప్పట్నించి పట్టుకుందో, భుజం వణుకుతోంది.

గల్సన్ నెత్తిమీది బొచ్చుటోపీ తీసి గొట్టానికి చుట్టాడు. ఆవిడ చెయ్యి దానిమీద వాలిపోయింది.

"పుణ్యం కట్టుకున్నావన్నా," అంది.

"కాగితం మీద సంతకం పెట్టావా?"

"పెట్టలేదు. చంపినా పెట్టను."

గల్సన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బుర్గస్‌తాయ్ జిల్లా పోలీసుల్లో నేరాలు విచారించేది ఇరవై ఆరేళ్లుగా అతనొక్కడే. అంతకు ముందు గొర్రెలు కాశాడు. మాట్లాడ్డం అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

మొన్న సాయంత్రం విమానం ఒకటి ఖార్ ఖమర్ కొండని గుద్దుకుంది. తొమ్మిది మంది పోయారు. నడిపినవాడు సోద్నోమ్. టవర్‌లో కూర్చుని అతనికి దారి చెప్పింది దుల్మా. నిన్న రాజధాని నించి మేజర్ దోర్లిగ్ జీపులో దిగాడు. రెండు గంటల్లో నేరం తేల్చేశాడు. ఇవాళ నాలుగూ నలభైకి వచ్చే విమానంలో దుల్మాని తీసుకుపోతాడు. అక్కడికి పోయాక ఫైలు మూసేస్తారు. ఇక ఎవడూ తెరవడు. గల్సన్ చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు.

"మొన్నటి సంగతి చెప్పు. నిమిషాలతో సహా."

"నాలుగూ తొమ్మిదికి సోద్నోమన్న పిలిచాడు. మబ్బులో ఉన్నానన్నాడు. నాలుగూ పదకొండుకి రెండువేల ఏడొందల మీటర్లకి దిగి, ఖార్ ఖమర్ దాటేదాకా అక్కడే ఉండమన్నాను. అదే అంకె తిరిగి చెప్పాడు. నాలుగూ ఇరవై ఏడుకి పిలిస్తే పలకలేదు."

"టేపు ఉందా?"

"నాలుగింటికి ఊరంతా కరెంటు తీసేస్తారుగా. రేడియో బ్యాటరీ మీద పలుకుతుంది. టేపు మిషనుకి బ్యాటరీ లేదు."

"నువ్వు రెండువేల నాలుగొందలు అన్నావంటున్నాడు మేజరు."

దుల్మా నవ్వింది. ఆ నవ్వు చూస్తే గల్సన్‌కి భయమేసింది.

"ఆ కొండ ఎత్తు రెండువేల నాలుగొందల అరవై. నా మొగుడు గొర్రెలు తోలేది దానిమీదే. మొగుడి పొడుగెంతో మర్చిపోతానేమో గాని, దాని పొడుగు మర్చిపోతానా అన్నా? పధ్నాలుగేళ్లు రోజూ ఆ కిటికీలోంచి దాన్నేగా చూశాను."

"సోద్నోమ్ పొరబడ్డాడేమో."

"ఆ కొత్త విమానమంటే ఆయనకి పడేది కాదు. ఎక్కడో పై దేశంలో వాడేసిన సరుకు. మనం గాలిలో అంతా మీటర్లు చెబుతాం, దాని డయలు నిండా అడుగులు. 'మీటర్లంటే నాకు కొండ కనపడుతుంది దుల్మా, అడుగులంటే ఉత్త అంకె కనపడుతుంది' అనేవాడు. వేసవికి మీటర్ల డయళ్లు తెప్పిస్తామన్నారు కంపెనీవాళ్లు. అందాకా కార్డు చూసి నడపమన్నారు."

"ఏం కార్డు?"

"ఎడమపక్క మీటర్లు, కుడిపక్క అడుగులు. నేను చెప్పిన మీటర్లు అందులో వెతుక్కుని, పక్కనున్న అడుగుల దగ్గరికి ముల్లు తెచ్చుకోవడమే. నువ్వూ చూశావుగా, కొత్త విమానాలు వచ్చిన రోజు."

గల్సన్‌కి గుర్తొచ్చింది. పన్నెండు రోజుల కిందటి మాట. సోద్నోమ్ తల్లి ఖందమా అవ్వ, ఎనభై రెండేళ్ల మనిషి, రాజధాని నించి కొడుకు పక్కన కూర్చుని వచ్చింది. కొత్త బండికి శుభం కోరుతూ ఉంగరపు వేలితో వెన్న రాసింది. తలుపుకి, చక్రాలకి, నడిపే కడ్డీకి, డయళ్ల అద్దాలకి, అన్నిటికీ.

"కార్డుకి కూడా రాసిందా?"

"అక్షరమున్న కాగితాన్ని అవ్వ వట్టినే వదుల్తుందా? అరచెయ్యంత రాసింది." దుల్మా బేడీకేసి చూసింది. "ఇవాళొచ్చే విమానంలో అవ్వ ఉంది. కొడుకు శవం తీసుకెళ్లడానికి వస్తోంది. నన్నూ అందులోనే ఎక్కిస్తారు. బేడీలతో ఆవిడ ముందు కూచోవాలి. ఏ మొహం పెట్టుకుని కూచోను?"

గల్సన్ లేచాడు. టోపీ గొట్టానికే వదిలేశాడు.

రెండూ పదికి అగ్నిమాపక బండి ఉండే రేకుల షెడ్డులో అడుగు పెట్టాడు. విమానం ముక్కుభాగాన్ని పొద్దున్నే లారీలో దించారు. రేకు నలిగి, చేత్తో పిండిన గుడ్డలా ఉంది. లోపల నెత్తురు గడ్డకట్టి నల్లబడింది. గల్సన్ ఊపిరి బిగబట్టి, విరిగిన కిటికీలోంచి తల దూర్చాడు.

ఎత్తు చూపే డయలు పగిలింది గాని ముల్లు ఉన్నచోటే ఇరుక్కుపోయింది. 7,900. అడుగులు. మేజరు దోర్లిగ్ లెక్కంతా ఈ ముల్లు మీదే నిలబడింది. ఏడువేల తొమ్మిదొందల అడుగులంటే రెండువేల నాలుగొందల మీటర్లు. కాబట్టి టవర్‌లో మనిషి రెండువేల నాలుగొందలే చెప్పిందని.

నడిపే కడ్డీ మీద వెన్న మరక ఉంది. దుమ్ము పట్టి నల్లబడింది. డయలు అద్దం మూల ఉంది. తలుపు గడియ మీదా ఉంది. అవ్వ వేలు ఎక్కడెక్కడ తిరిగిందో అంతా చెక్కుచెదరకుండా ఉంది.

డయలు పక్కన ఇనప క్లిప్పులో కార్డు ఉంది. గల్సన్ దాన్ని లాగాడు.

తెల్లగా ఉంది.

ముందూ వెనకా తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. వెన్న అంటుకున్న కాగితం ఈ జన్మకి మామూలు కాగితం అవదు, అది అతనికి తెలుసు. ఇది వేరే కార్డు. అవ్వ రాసిన కార్డు ఇది కాదు.

షెడ్డు గుమ్మంలో వెలుగుకి నిలబడి చదివాడు. చదువు నెమ్మది, పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుని ఒక్కొక్క వరసే.

2100 – 6,900
2400 – 7,900
2700 – 7,900
3000 – 9,900

వేలు ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. రెండు గొర్రెలకి ఒకే గుర్తు వేసినట్టు, రెండు ఎత్తులకి ఒకే అంకె.

సోద్నోమ్‌కి రెండువేల ఏడొందలనే వినపడింది. కార్డులో రెండువేల ఏడొందలు వెతికాడు. పక్కనున్న అంకెకి ముల్లు తెచ్చుకున్నాడు. అంతే చేశాడు. చెప్పినట్టే చేసి, మూడొందల మీటర్లు కిందికి దిగి, మబ్బులో కొండకి ఎదురెళ్లాడు.

వేలు తడిచేసి అంకె మీద రుద్దాడు. ఊదారంగు అంటింది. అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉన్నాయి. ఏడు అంకె ఎక్కడున్నా మిగతా అంకెలకంటే కాస్త పైకి ఎగిరి ఉంది. రెండో వరసలో ఎగిరింది. మూడో వరసలో రెండుచోట్లా ఎగిరింది. అదీ చూసి పెట్టుకున్నాడు.

మూడింటికి విమానాశ్రయం మేనేజరు గదికి బయల్దేరాడు. గుమ్మంలో ఆగి కొండకేసి చూశాడు. పొద్దున తేటగా కనపడిన ఖార్ ఖమర్ మెడదాకా మబ్బులో మునిగి ఉంది.

మేనేజరు చోయ్‌దొగ్‌ని ఊళ్లో అందరూ మాస్టారనే పిలుస్తారు. కుర్రతనంలో విమానాలు నడిపాడు, తర్వాత ఇరవై ఏళ్లు నేర్పాడు. సోద్నోమ్ ఆయన శిష్యుడే. దుల్మాకి మైకు పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. గల్సన్ వెళ్లేసరికి ఆయన పొయ్యి దగ్గర వంగి పాలటీలో ఉప్పు కలుపుతున్నాడు. ఆయన బల్ల దగ్గర మేజర్ దోర్లిగ్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్లుంటాయి, బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి.

"రండి తాతగారూ. గొర్రెలన్నీ లెక్కకొచ్చాయా?"

"ఒకటి ఎక్కువొచ్చింది," అన్నాడు గల్సన్. "ముల్లు మీకు ఏం చెప్పింది మేజర్ గారూ?"

"ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఏడువేల తొమ్మిదొందల అడుగులు. అంటే రెండువేల నాలుగొందల మీటర్లు. ఆవిడ నోరు జారింది. తర్వాత పుస్తకంలో రెండువేల ఏడొందలని రాసుకుంది. ముల్లు అబద్ధం చెప్పదు."

"ఎవరు చెబితే అక్కడికొచ్చిందో కూడా చెప్పదు."

గల్సన్ కార్డు తీసి బల్లమీద పెట్టాడు. మూడో వరస మీద గోరుతో గీశాడు. దోర్లిగ్ వంగి చూశాడు. చాపిన కాళ్లు వెనక్కొచ్చాయి.

"ఎక్కడిది ఇది?"

"మీరు నిన్న తల దూర్చని చోటిది."

"మాట జాగ్రత్త! అక్కడంతా నెత్తురు..." గొంతు తగ్గించాడు. "సరే. ఎవడో టైపు కొట్టేటప్పుడు వేలు తప్పింది. అయితే? ఇరవై తొమ్మిదేళ్లు నడిపిన పైలట్, ఆ మాత్రం తెలీదా? అయినా ఇది మీరే తెచ్చి పెట్టలేదని ఏంటి నమ్మకం? ఆవిడ మీ ఊరి మనిషి. అన్నా అన్నా అని పిలుస్తుందట."

"మీరు కొట్టిన వాంగ్మూలం ఇలా ఇవ్వండి."

"దేనికి?"

"చదువుకుంటాను. నెమ్మదిగా చదువుతాలెండి, కంగారేం లేదు."

దోర్లిగ్ విసురుగా కాగితం తోశాడు. దుల్మా సంతకం కోసం తయారుచేసింది. 'నేను 2700 మీటర్లకు బదులు 2400 మీటర్లు అని చెప్పితిని.' గల్సన్ దాన్ని కార్డు పక్కన పెట్టాడు. వాంగ్మూలంలో ఏడు అంకె మీదకి ఎగిరి ఉంది. కార్డులోనూ అంతే ఎగిరి ఉంది.

దోర్లిగ్ ఒకసారి ఇది చూశాడు, ఒకసారి అది చూశాడు. కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఏంటి, నా మీదకే తెస్తున్నారా? నేనొచ్చింది నిన్న!"

"మీరు నిన్న. కార్డు మొన్నటిదో, ఇంకా ముందుదో. మరి మీరు వాంగ్మూలం కొట్టిన మిషను ఎవరిది?"

ఆ ప్రశ్నకి జవాబు ఆ గదిలోనే, గోడవార ఉంది. ఇనప బీరువా. తలుపు సందుకి దారం కట్టి, దారం ముడి మీద లక్క ముద్ర. పాత ప్రభుత్వంలో టైపు మిషన్లన్నిటికీ పోలీసుల దగ్గర లెక్క ఉండేది. పని అయిపోగానే బీరువాలో పెట్టి ముద్ర వెయ్యాలి. ఆ ప్రభుత్వం పోయి నాలుగేళ్లయింది, ఆ రూలూ పోయింది. ముద్ర వెయ్యడం మాత్రం చోయ్‌దొగ్ మానలేదు. ఈ విమానాశ్రయంలో మిషను ఒకటే. ముద్ర పెట్టే బిళ్ల ఆయన మొలతాడుకే వేలాడుతుంది.

గల్సన్, దోర్లిగ్ ఇద్దరూ పొయ్యి వైపు తిరిగారు.

చోయ్‌దొగ్ గిన్నెలో టీ పోస్తున్నాడు. గిన్నె నిండింది. పొర్లింది. చేతిమీదనించి కారి నేలమీద పడుతోంది. ఆయన ఇంకా పోస్తూనే ఉన్నాడు.

"మాస్టారూ," అన్నాడు గల్సన్. "చెయ్యి కాలుతోంది."

ఆయన కెటిల్ కింద పెట్టాడు. కోటు రొమ్ము దగ్గర గుండీలు విప్పి, లోపల్నించి ఒక అట్టముక్క తీశాడు. జిడ్డుపట్టి, దుమ్ము పట్టి, గోధుమరంగుకి తిరిగింది. రెండు చేతులతో పట్టుకుని బల్లమీద పెట్టాడు, పెద్దవాళ్లకి ఇచ్చినట్టు.

"అవ్వ వెన్న రాసిన కార్డు," అన్నాడు. "దుమ్ము పట్టి అంకెలు కనపట్టంలేదు, కొత్తది కొట్టివ్వండి మాస్టారూ అని సోద్నోమే అడిగాడు. పక్కన పెట్టుకుని చూసి కొట్టాను. ఆ వరస దగ్గర నా కన్ను పై వరస మీదకి జారింది. అంతే. అంతే గల్సన్. కావాలని చెయ్యలేదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొన్న సాయంత్రమే. వాడు పలకలేదని తెలిసిన అరగంటకి. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను."

దోర్లిగ్ బల్ల గుద్దాడు. "నిన్నట్నించీ ఈ గదిలోనే... నా పక్కనే కూచుని... నేను ఆవిడ మీద రాస్తుంటే రిబ్బను మీరే కదండీ సర్ది పెట్టారు!"

"దుల్మా నిన్నట్నించీ గొట్టానికి కట్టేసి ఉంది మాస్టారూ," అన్నాడు గల్సన్.

"తెలుసు. పొద్దున టీ నేనే తీసుకెళ్లిచ్చాను." చోయ్‌దొగ్ గొంతు ముసలిదైపోయింది. "మీరు తాగారా మాస్టారూ, అని అడిగింది ఆ పిల్ల."

ఎంతో నేరం చూశాడు గల్సన్. కత్తులు చూశాడు, గొడ్డళ్లు చూశాడు. మంచివాడైన మనిషి భయంతో చేసిన పని ఇంత అసహ్యంగా ఉంటుందని ఇప్పుడే చూశాడు.

దోర్లిగ్ కలం తీశాడు. ఈసారి మిషను జోలికి పోలేదు. చేత్తోనే రాశాడు, ఒక్కొక్క మాటా అడిగి, చోయ్‌దొగ్ చేత చెప్పించి. అది ముగిసేసరికి నాలుగు దాటింది. గదిలో దీపం ఆరిపోయింది, కరెంటు తీసేశారు. గల్సన్ తెల్ల కార్డుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఇందాకట్నించి ఒకటేదో నలుసులా గుచ్చుకుంటోంది. వేలికి అంటిన ఊదారంగు.

"మాస్టారూ. ఇది రిబ్బను పడ్డ కాగితం కాదు. కార్బను కింద కాగితం."

గల్సన్ కార్డు తిప్పి పట్టుకున్నాడు.

"పైకాగితం ఏది?"

చోయ్‌దొగ్ కిటికీలోకి చూస్తున్నాడు. ఖార్ ఖమర్ ఉండాల్సిన చోట ఇప్పుడు ఏమీ లేదు. బూడిదరంగు గోడ ఒకటి ఉంది.

"పొద్దున ఆకాశం తేటగా ఉంది," అన్నాడు ఆయన. "కొండ కంటికి కనపడుతుంది, వాడేం పొరబడడు, దిగాక నేనే ఎక్కి కార్డు తీసేద్దాం, ఎవరికీ తెలీదు అనుకున్నాను."

"ఎవడు? ఎవడు దిగాక?" అరిచాడు దోర్లిగ్.

"జుందుయ్. రెండో విమానం. మొన్న పొద్దున్నే వాడికీ ఒకటిచ్చాను. నిన్నంతా విమానాలు ఆపేశారు. ఇవాళే మొదటిసారి వెనక్కి వస్తున్నాడు."

గల్సన్ గడియారం చూశాడు. నాలుగూ పద్దెనిమిది. నాలుగూ నలభైకి దిగే విమానం, ఖందమా అవ్వ కూర్చున్న విమానం, ఇప్పటికే మబ్బులో ఉంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి ఆ మెట్లు ఎలా ఎక్కాడో తర్వాత అతనికే గుర్తులేదు. టవర్‌లో దుల్మా బదులు రాజధాని నించి వచ్చిన కంట్రోలర్ కూర్చుని ఉన్నాడు, లావుపాటి మనిషి, చెవులకి హెడ్‌ఫోను.

"ఎంత ఎత్తు ఇచ్చావు?"

"ఎవరయ్యా నువ్వు? రెండువేల ఏడొందలు. రెండు నిమిషాలైంది ఇచ్చి."

"వాడి కార్డు తప్పు. అడుగుల్లో చెప్పు."

"అడుగుల్లోనా?" కంట్రోలర్ కళ్లు పెద్దవయ్యాయి. "మన గాలిలో మీటర్లు తప్ప ఇంకోటి పలక్కూడదు. అడుగులు నాకెలా తెలుస్తాయి? పోనీ మూడువేల మీటర్లు ఎక్కమంటాను..."

"కార్డులో ఇంకెన్ని తప్పులున్నాయో ఎవడికి తెలుసు!"

మెట్లమీద చప్పుడు. దోర్లిగ్. వెనక దుల్మా. బేడీ ఒక చేతికి వేలాడుతోంది, రెండోవైపు తాళం మాత్రమే తియ్యగలిగాడు. అంతకి మించి ఆగలేదు మేజరు. దుల్మా లావుపాటాయన్ని భుజంతో ఒక్క తోపు తోసి మైకు లాక్కుంది.

"జుందుయ్, నేను దుల్మాని. ముల్లు ఎంత మీద ఉంది?"

గరగర. "దుల్మక్కా? నిన్ను పట్టుకున్నారన్నారే! ఎనిమిదివేల రెండొందలు. దిగుతున్నాను, ఏడువేల తొమ్మిదొందలకి."

గల్సన్ వెన్న కార్డు ఆవిడ ముందు పెట్టాడు. బల్లమీద అది మట్టిముద్దలా ఉంది, ఒక్క అంకె కనపళ్లేదు. దుల్మా దాన్ని తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. వెన్న తాగిన అట్ట అద్దంలా మారి, అంకెలన్నీ ఒక్కసారి నల్లగా లేచాయి.

"దిగకు. ఎక్కు. తొమ్మిదివేల తొమ్మిదొందల అడుగులకి ఎక్కు. అడుగులే చెబుతున్నా, కార్డు చూడకు."

"అక్కా, రూలు..."

"రూలు తర్వాత. సోద్నోమన్నని చంపింది ఆ కార్డే. ఎక్కరా!"

అటు ఇంజను గోల పెరిగింది. తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. గల్సన్ గోడమీది గడియారంలో సెకన్ల ముల్లునే చూస్తున్నాడు. పది. ఇరవై. దోర్లిగ్ పెదాలు ఏదో మంత్రంలా కదులుతున్నాయి. ముప్పై. నలభై. దుల్మా చేతికి వేలాడే బేడీ బల్లకి తగిలి టకటక కొట్టుకుంటోంది.

యాభై రెండో సెకనుకి జుందుయ్ గొంతు వచ్చింది. అది జుందుయ్ గొంతులా లేదు.

"అక్కా... మబ్బు కాస్త చీలింది. కింద నల్లగా ఒకటి పోయింది. రాళ్లు లెక్కపెట్టేంత దగ్గర్లో. కొండేనా అది?"

"కొండే."

"అమ్మో." కాసేపు ఊపిరి చప్పుడు. "వెనక అవ్వ నన్ను తిడుతోంది. పాలడబ్బా ఒలికిపోయిందట."

దుల్మా తల బల్లకి ఆనించింది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఎవరికీ తెలీలేదు. దోర్లిగ్ జేబులోంచి వాంగ్మూలం తీసి నాలుగు ముక్కలుగా చింపాడు. ముక్కలు ఎక్కడ పడెయ్యాలో తెలీక చేతిలోనే పట్టుకున్నాడు.

"అక్కా," అన్నాడు. రెండు రోజుల్లో ఆవిడని అలా పిలవడం అదే మొదలు. "ఆ చెయ్యి ఇటివ్వండి. తాళం తీస్తాను."

అప్పుడే చోయ్‌దొగ్ మెట్లెక్కి వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలో ఆగిపోయాడు. దుల్మా ఆయన్ని చూసింది. ఆ చూపుకి ఆయన తల వంగిపోయింది.

గల్సన్ చేతిలో ఇంకా తెల్ల కార్డు ఉంది. అలుక్కుపోయిన అక్షరాలు. మరీ అలుక్కుపోయాయి. ఒక కార్బను కింది కాగితం ఇంత మసగ్గా రాదు.

"మాస్టారూ, ఇది ఎన్నో కాగితం?"

చోయ్‌దొగ్ మూడు వేళ్లు చూపించాడు.

"పైది జుందుయ్ దగ్గరుంది. మూడోది సోద్నోమ్‌కిచ్చారు. మధ్యది?"

"జుందుయ్ చేతే రాజధానికి పంపాను. కంపెనీ పైలట్ల గదిలో గోడకి కొట్టమని. అందరూ చూసి ఎవరి పుస్తకంలో వాళ్లు ఎక్కించుకుంటారని." ఆయన గుమ్మం పట్టుకున్నాడు. "అడుగుల డయళ్లున్నవి ఇంకో రెండున్నాయి."

లావుపాటి కంట్రోలర్ హెడ్‌ఫోను తీసేశాడు. "ఆ రెండూ ఇవాళ ఐదింటికి లేస్తాయి. వరసగా. చుట్టూ కొండలు కదా, లేవగానే మేమిచ్చే మొదటి ఎత్తు రెండువేల ఏడొందలే. పొద్దున తేటగా ఉంది గాని, సాయంత్రానికి అక్కడా మబ్బన్నారు."

నాలుగూ ముప్పై ఒకటి.

దోర్లిగ్ టెలిఫోను ఎత్తాడు. చెవికి పెట్టుకుని, కొట్టి, మళ్లీ పెట్టుకున్నాడు. కరెంటు లేదు. ఊళ్లో ఎక్స్ఛేంజీ చచ్చి అరగంటైంది. ఆరింటిదాకా లేవదు. టవర్ రేడియో కొండలు దాటి పోదు. గల్సన్ స్టేషన్లో ఉన్నదీ అంతే.

దుల్మా మెల్లగా తలెత్తింది. తాళం తియ్యడానికి వంగిన మేజరు చేతిలోంచి చెయ్యి లాక్కుని మైకు పట్టుకుంది.

"జుందుయ్, నువ్వు చాలా పైకి పోతే రాజధానికి నీ మాట వినపడుతుందా?"

"వినపడుతుంది. కాని ఎందుకక్కా? దిగుదామనుకుంటున్నా. రెక్కల మీద మంచు కడుతోంది. బండి బరువెక్కుతోంది."

దుల్మా గల్సన్ వైపు చూసింది. ఆ విమానంలో ఒక ముసలిది ఉంది, ఇప్పటికే ఒక కొడుకుని ఇచ్చింది. ఐదింటికి లేచే రెంటిలో ఎంతమంది ఉంటారో ఎవరికీ తెలీదు.

దుల్మా ఉన్నదున్నట్టు నాలుగు ముక్కల్లో చెప్పింది. కార్డు సంగతి, గోడమీది కాగితం సంగతి, ఐదింటి సంగతి. అటువైపు ఇంజను చప్పుడు వినపడింది. ఆ చప్పుట్లో ఒక ముసలి గొంతు ఏదో అడగడం, జుందుయ్ ఏదో చెప్పడం, మళ్లీ ఆ ముసలి గొంతు కసిరినట్టు ఒక్క మాట అనడం వినపడ్డాయి.

"అక్కా," అన్నాడు జుందుయ్. "అవ్వ ఎక్కమంటోంది. ఎంత ఎత్తుకి పోవాలి? అడుగుల్లో చెప్పు."

దుల్మా వెన్న కార్డుని మళ్లీ వెలుగుకి ఎత్తింది.